వంశధార వెంట సైకిల్ మీద: పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా, బొమ్మలు వేసుకునేవారికి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు ఒకసారి చెబుతాను. మీరు బరంపురంలో చిత్రలేఖనం బోధించి ఇటీవలే ఉద్యోగ విరమణ చేశారు. వయస్సు 59. గేర్లు లేని మామూలు సైకిల్ ఉంది. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో బయలుదేరి వంశధార లోయ వెంట తొందర లేకుండా బొమ్మలు వేసుకుంటూ గుణుపూర్ చేరి, కొండ మీది సవర గిరిజనుల ఊళ్ళలో గోడ బొమ్మలు కూడా చూసి, రెండు రోజుల్లో తిరిగి రావచ్చునా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, వెళ్ళవచ్చు, కానీ రెండు రోజులు చాలవు, నాలుగు రోజులు పెట్టుకోండి, తిరుగు రైలు కుదరకపోతే ఐదు. అదీ కార్తీకం వెళ్ళిన తరువాత, శివరాత్రి లోపు. నది వెంట ఉన్న దారికి మీ సైకిల్ చాలు. కొండ మీదికి మాత్రం సైకిల్ వద్దు. దానిని గుణుపూర్‌లో వదిలి జీపులో వెళ్ళి, ఊరి బయట దిగి నడవండి. నేను గుణుపూర్‌లో పుట్టి, పర్లాకిమిడిలో చదివి, చాలా ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాడిని. ఈ దారిన ఒంటరిగానూ, పిల్లలను వెంటబెట్టుకునీ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. కనుక ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో కొంత చెప్పగలను.

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపూర్ యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. యువకులు దీనిని ఒక పూటలో తొక్కేస్తారు. దూరం చూసి మీరు కూడా రెండు రోజులు ఎక్కువే అనుకుని ఉంటారు. అయితే బొమ్మ వేసేవాడికి దూరం కిలోమీటర్లలో ఉండదు, ఆగిన చోట్లలో ఉంటుంది. ఒక నీటిరంగు బొమ్మకు గంటన్నర పడితే, పొద్దున వెలుగు బాగుండే వేళలో మీరు రెండు చోట్ల మాత్రమే ఆగగలరు. మూడో చోట ఆగేసరికి పదకొండు దాటుతుంది, కొండలు తెల్లబోతాయి, కాగితం మీద తడి నిలవదు.

ఎటు నుంచి ఎటు వెళ్ళాలన్నది ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం. పర్లాకిమిడి నుంచి కాశీనగర్ దాదాపు పడమరగా ఉంటుంది. అక్కడి నుంచి దారి ఉత్తరానికి తిరిగి గుణుపూర్ చేరుతుంది. పొద్దున్నే పర్లాకిమిడిలో బయలుదేరితే సూర్యుడు మీ వీపు వెనుక ఉంటాడు, ఎదురుగా ఉన్న పొలాలు, చెట్లు, ఊళ్ళు వెలుగులో కడిగినట్లు కనబడతాయి. అదే పొద్దుట గుణుపూర్ నుంచి ఇటు వస్తే కాశీనగర్ దాటాక ఎండ కళ్ళలోనే కొడుతుంది. ఆ వేళలో మట్టి లారీ ఎదురుగా వస్తే దాని డ్రైవరుకు మీరు కనబడవచ్చు, మీకు మాత్రం రోడ్డు గుంత కనబడదు. నది ఎగువకు వెళ్ళడమంటే ఎత్తు ఎక్కాలేమోనని మీరు రాశారు. ఆ భయం అక్కరలేదు. ఈ భాగంలో లోయ వెడల్పుగా, చదునుగా ఉంటుంది, గేర్లు లేని సైకిల్‌కు ఇబ్బంది లేదు.

కాశీనగర్ దాటాక మరొక విషయం గమనిస్తారు. నది మీకు ఎడమ చేతి వైపు, సవర కొండలు కుడి చేతి వైపు ఉంటాయి. తూర్పున ఉన్న కొండలు కనుక పొద్దుట వాటికి వెనుక నుంచి వెలుగు వస్తుంది. లోతు లేని నీలిరంగు పలకల్లా, ఒకదాని వెనుక ఒకటి, కత్తిరించి అతికించినట్లు కనబడతాయి. సాయంత్రం నాలుగున్నర తరువాత అవే కొండల మీద పడమటి ఎండ పడితే ప్రతి మడత, ప్రతి పోడు చెక్క, జీడి తోటల గీతలు విడివిడిగా తేలతాయి. నేను మొదటి పదేళ్ళూ పొద్దుటి కొండనే వేశాను. అది వేయడం సులువు, మూడు పూతలతో అయిపోతుంది. సాయంత్రపు కొండ జోలికి వెళ్ళే ధైర్యం ఆలస్యంగా వచ్చింది. మీకు ఆ ఇబ్బంది లేకపోతే గుణుపూర్‌లో ఒక సాయంత్రం పూర్తిగా దానికే కేటాయించుకోండి.

ఇక రోజుల లెక్క. మొదటి రోజు పర్లాకిమిడిలోనే ఉండండి, సైకిల్‌కు గాలి, బ్రేకులు చూపించుకోండి. మహేంద్రతనయ ఒడ్డు, ఆంగ్ల వాస్తుశిల్పి రాబర్ట్ చిషోమ్ నమూనా గీసిన గజపతి రాజుల కోట, పాత బజారు వీధులు ఒక రోజుకు సరిపోతాయి. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చెక్కే పనివారు ఈ ఊరికి పేరు తెచ్చారు. కొమ్మును వేడి చేసి వంచేటప్పుడు వారి చేతుల కదలికను పెన్సిల్‌తో పట్టుకోవడం మంచి సాధన. ఏటికి అవతలి వైపు పాతపట్నం, అక్కడ నీలమణి దుర్గ గుడి, అది ఆంధ్ర. ఇటు ఒడిశా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మధ్యలో సరిహద్దు గీత గీశారు గానీ ఇప్పటికీ అటువారు ఇటు సరుకులకు వస్తారు, ఇటువారు అటు మొక్కులకు వెళ్తారు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూనే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన మాట ఊరికే ఎత్తలేదు, కొండ మీది ఊళ్ళ గురించి చెప్పేటప్పుడు మళ్ళీ వస్తుంది.

రెండో రోజు తెల్లవారుజామున ఐదున్నరకు కదలండి. ఈ రోజు యాభై కిలోమీటర్లూ తొక్కాలి గానీ మధ్యలో నాలుగైదు గంటల విరామం ఉంటుంది. దారికి తోడుగా నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే రైలు పట్టాలు కనబడుతూ ఉంటాయి. ఒకప్పుడు ఇది రెండున్నర అడుగుల వెడల్పున్న బుల్లి రైలు. పర్లాకిమిడి దాకా 1900లో వచ్చింది, గుణుపూర్ చేరడానికి 1931 దాకా పట్టింది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్. నా చిన్నతనంలో గట్టు ఎక్కేచోట దిగి, పక్కన నడిచి, మళ్ళీ ఎక్కేవాళ్ళమని చెబితే నా విద్యార్థులు నమ్మేవారు కారు.

కాశీనగర్ దగ్గర తప్పకుండా నది ఒడ్డుకు దిగండి. అవతలి ఒడ్డున ఉన్నది ఆంధ్రలోని భామిని మండలం. శీతాకాలంలో వంశధార ఇక్కడ నిండుగా ఉండదు. రెండు మూడు పాయలుగా చీలి, మధ్యలో ఇసుక మేటలు తేలి ఉంటాయి, చెలమ తవ్విన చోట ఇసుక ముదురు రంగులో గుండ్రంగా కనబడుతుంది. ఇసుకను పసుపుగా వేయడం అందరూ చేసే పొరపాటు. పొద్దున ఏడు గంటలకు అది బూడిద కలిసిన గులాబి రంగులో ఉంటుంది, తొమ్మిదికి గోధుమ రంగుకు వస్తుంది, పదింటికి రంగే ఉండదు. కాగితాన్ని వట్టిగా వదిలివేయడమే అప్పుడు ఇసుకకు సరైన రంగు. నీటి అంచున మాత్రం సన్నటి తడి గీత ఒకటి ఉంటుంది. ఆ గీత వేస్తే నది పారుతుంది, మానేస్తే గచ్చులా కనబడుతుంది.

డిసెంబరు, జనవరి పొద్దుటి మంచులో మరొక చిక్కు ఉంది. మొదటి పూత పది నిమిషాలైనా ఆరదు, మీరు తొందరపడి రెండోది వేస్తే రెండూ కలిసి బురద అవుతాయి. అందుకని నేను రెండు కాగితాలు బిగించుకుని ఒకటి ఆరేలోగా రెండోదాని మీద పనిచేస్తాను. బల్లకు బదులు పిల్లలు పరీక్షలకు తీసుకువెళ్ళే అట్టలు రెండు చాలు. వాటిని వెనుక క్యారియర్ మీద పొడవుగా కట్టండి, అడ్డంగా వద్దు. అడ్డంగా కట్టిన అట్టను లారీ గాలి తెరచాపలా పట్టుకుని ఒకసారి నన్ను రోడ్డు దింపి వరి మడిలోకి పంపింది. దెబ్బలు తగలలేదు. అప్పటిదాకా వేసిన నాలుగు బొమ్మలు మాత్రం తడిసిపోయాయి.

పదకొండు నుంచి మూడు దాకా సైకిల్ ఎక్కకండి. కాశీనగర్‌లో తిని, నీడ చూసుకుని పడుకోండి. బసకు ఆ ఊరిని నమ్ముకోమని చెప్పలేను. నేను ఎప్పుడూ తెలిసినవారి ఇంట్లోనే ఆగాను. లాడ్జీలు పర్లాకిమిడిలోనూ గుణుపూర్‌లోనూ ఉన్నాయి కనుక చీకటి పడకముందే గుణుపూర్ చేరేలా లెక్క వేసుకోండి. తిండికి లోటు లేదు. పొద్దున ఇడ్లీ, వడతో పాటు బఠాణీల ఘుగ్ని దొరుకుతుంది, మధ్యాహ్నం భోజనం మన పద్ధతిలోనే ఉంటుంది, చోడి (రాగి) అంబలి ఎవరైనా ఇస్తే వద్దనకండి. భాష గురించి అడిగారు. గుణుపూర్ దాకా తెలుగుతో నడిచిపోతుంది. బోర్డులు మాత్రం ఒడియాలో ఉంటాయి, మీకు అవి చదవడం వచ్చునని అనుకుంటాను.

మూడో రోజు గుణుపూర్‌లో ఉండి ఉదయం నది, సాయంత్రం కొండలు వేసుకోండి. ఈ రోజున కాలికి విశ్రాంతి.

నాలుగో రోజు గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు కాస్త ఆందోళన కలిగించిన వాక్యం అక్కడే ఉంది. "గోడ బొమ్మలను అక్కడికక్కడే నకలు చేసుకోవాలని ఉంది" అని రాశారు. దయచేసి ఆ ఆలోచన ఇంట్లోనే వదిలి రండి.

గుణుపూర్ నుంచి జీపులో వెళ్ళే పుట్టాసింగ్ చుట్టుపక్కల కొండ ఊళ్ళలో ఉండేవారు సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరలు. వారి గోడ బొమ్మను ఇడితాల్ అంటారు. ఇంటి లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి తెలుపుతో, వెదురు పుల్ల చివర నలగగొట్టి చేసిన కుంచెతో వేస్తారు. ముందు చుట్టూ అంచు గీసి, అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు వరుసలుగా చేరతారు. మహారాష్ట్రలోని వార్లీ బొమ్మలతో దీనిని పోల్చడం మామూలే గానీ, వార్లీ మనిషి రెండు పదునైన త్రికోణాలు, సవర మనిషి అంత పదునుగా ఉండడు, కాస్త సాగి, ఊగుతున్నట్లు ఉంటాడు. మానవశాస్త్రవేత్త వెర్రియర్ ఎల్విన్ 1950ల నాటికే వీటి గురించి వివరంగా రాశారు. ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. చూసిన తరువాత మాత్రమే తెలిసేది ఒకటి ఉంది. ఆ బొమ్మ అలంకారం కాదు, ఆ చతురస్రం ఒక ఇల్లు. ఇంట్లో జబ్బు వచ్చినప్పుడో, పంట వేళో, చనిపోయిన పెద్దలను తలచుకున్నప్పుడో దేవతకు గానీ పితరులకు గానీ ఉండడానికి చోటు కట్టి, పూజారితో పిలిపించి, అన్నం, కల్లు పెడతారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఇది పుస్తకాల్లో చదివి ఉన్నాను, అయినా అర్థం కాలేదు. ఒక ఇంట్లో, వాకిలి వెలుగు కొంచెమే పడే గోడ మీద, అరచేయి అంత గుర్రాల వరుస కింద ఒక సైకిల్ ఉంది. రెండు చక్రాలూ పక్కపక్కనే, మధ్యలో నిచ్చెనలాంటి గీతలు, దాని మీద గొడుగు పట్టుకున్న మనిషి. నా సైకిల్‌ను కింద వదిలి మూడు గంటలు నడిచి వచ్చినవాడిని కనుక ఆ బొమ్మ చూడగానే ప్రాణం లేచి వచ్చింది. సంచిలోంచి కాగితం తీసి గీయడం మొదలుపెట్టాను. ఇంటి ముసలాయన కాసేపు చూసి, పక్కనున్న కుర్రవాడితో ఏదో అన్నాడు. కుర్రవాడు తెలుగులో చెప్పాడు: "ఇది మీ ఇంట్లో పెట్టుకుంటే దీనికి అన్నం ఎవరు పెడతారు అని తాత అడుగుతున్నాడు." నా దగ్గర సమాధానం లేదు. సగం గీసిన కాగితాన్ని అక్కడే ఆయనకు ఇచ్చివేశాను. ఆయన దానిని మడిచి చూరులో పెట్టుకున్నాడు.

అందువల్ల నా సలహా ఇది: నది వెంట మీ బొమ్మలు వేసుకోండి, కొండ మీద వారివి చూడండి, రెండింటినీ కలపకండి. నకలు కావాలనుకుంటే కొనుక్కోండి. ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద అమ్మకానికే వేసే సవర చిత్రకారులు ఉన్నారు, ఆ బొమ్మలకు ఎవరూ అన్నం పెట్టనక్కరలేదు. లాంజియా సవర చిత్రాలకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. వీలైతే వేసినవారి చేతి నుంచే తీసుకోండి, బేరం ఆడకండి.

మరో రెండు విషయాలు. లాంజియా సవరలు ప్రభుత్వం ప్రత్యేక రక్షణ కల్పించిన ఆదిమ గిరిజన సమూహాల్లో ఉన్నారు, పుట్టాసింగ్‌లో వారి అభివృద్ధి సంస్థ కార్యాలయం ఉంది. ముందు అక్కడికి వెళ్ళి, ఏ ఊరికి వెళ్ళవచ్చో అడిగి, ఊరివారిని ఎవరినైనా వెంట తీసుకుని మాత్రమే వెళ్ళండి. అడగకుండా ఫోటో తీయకండి. రెండోది, చాలా కుటుంబాలు క్రైస్తవంలోకి మారాయి, ఆ ఇళ్ళలో గోడ బొమ్మలు ఉండవు. పది ఇళ్ళు తిరిగితే ఒక ఇంట్లో కూడా చూపించకపోవచ్చు. "పాత బొమ్మలు ఎందుకు తుడిచివేశారు" అని అడగడం మర్యాద కాదు, అది వారి ఇల్లు. అలాంటి రోజున ఊరి నుంచి లోయను చూస్తూ కూర్చోండి. మెట్లుగా కట్టిన రాతి గట్ల పొలాలు, వాటి కింద దూరంగా వంశధార తెల్లటి దారంలా కనబడే చోట్లు ఉన్నాయి. అన్నట్లు, సవర భాషకు మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని కూర్చినది కూడా 1936లోనే. పంతులుగారు పర్లాకిమిడి వదిలిన ఏడే కొండ మీద లిపి పుట్టిందన్న మాట. ఎక్కడైనా గోడ మీద ఆ అక్షరాలు కనబడితే బొమ్మలనుకుని పొరబడకండి.

ఘాటీ (కొండ ఎక్కే వంపుల దారి) మీదికి సైకిల్ వద్దని ఎందుకన్నానంటే, ఎక్కడం కష్టమని మాత్రమే కాదు. దిగేటప్పుడు మామూలు సైకిల్ బ్రేకు రబ్బర్లు వేడెక్కి పట్టు వదులుతాయి. వంపులో జీపు ఎదురైతే తప్పుకోవడానికి చోటుండదు.

కాలం గురించి రెండు మాటలు. వానాకాలంలో వద్దు. అక్టోబరు కూడా నమ్మదగిన నెల కాదు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ఎలా ముంచిందో మీకు గుర్తుండే ఉంటుంది. నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా వరి కోతలు, కుప్పలు. మెట్టల మీద వలిసె పూలు ఉంటే పసుపు విరగకాసినట్లు ఉంటుంది. ఫిబ్రవరిలో బూరుగు, దాని వెనుకే మోదుగ పూస్తాయి. మోదుగ పూల కోసం మార్చి చివర దాకా ఆగుదామని ఒకసారి ఇద్దరు పిల్లలను తీసుకుని వెళ్ళాను. తొమ్మిదిన్నరకే ఒక కుర్రవాడు సైకిల్ మీదే తూలిపోయాడు, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో సెలైన్ ఎక్కించి సాయంత్రానికి పంపించారు. పూలు ఎంత ఎర్రగా ఉన్నా, మీ వయస్సులో ఆ సాహసం చేయవద్దు.

దోమతెర తప్పనిసరిగా తీసుకురండి, కొండ పక్కన మలేరియా ఉన్న ప్రాంతం ఇది. తిరిగి వెళ్ళాక నెల లోపు జ్వరం వస్తే ఎక్కడ తిరిగారో డాక్టరుకు చెప్పండి. గజపతి జిల్లాలోని లఖారీ లోయ అభయారణ్యం వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఈ సరిహద్దు పొలాల్లో తిరిగిన రోజులున్నాయి కనుక, నది ఒడ్డుకు దిగే ముందు దగ్గరున్న టీ దుకాణంలో ఒక మాట అడగడం అలవాటు చేసుకోండి. ట్యూబులు రెండు, సొల్యూషన్, ప్యాచీలు, చిన్న పంపు మీ వద్దే ఉండాలి. ఎండలో నిలబెట్టిన సైకిల్ పాత ట్యూబు దానంతట అదే పేలిన సంఘటన నాకు రెండుసార్లు జరిగింది, అందుకని బొమ్మ వేసేటప్పుడు నీడ మీకన్నా ముందు సైకిల్‌కు చూడండి.

తిరుగు ప్రయాణానికి గుణుపూర్ నుంచి రైలు ఎక్కవచ్చు. సైకిల్‌ను బ్రేక్ వ్యాన్‌లో వేయడానికి విడిగా బుక్ చేయాలి, ఆ వీలు ఏ బండికి ఉందో మూడో రోజు సాయంత్రమే స్టేషన్‌కు వెళ్ళి కనుక్కోండి. కుదరకపోతే ఐదో రోజు మధ్యాహ్నం మూడు తరువాత తొక్కుకుంటూ కాశీనగర్ దాకా వచ్చి, అక్కడి నుంచి పర్లాకిమిడికి ఏదైనా మినీ లారీలో సైకిల్ ఎక్కించుకోండి.